పదపరిశీలనము

తెలుగు లిపి పలుకునకు మిక్కిలి దగ్గరగా నుండు లిపి. పలికినట్లు వ్రాయుట, వ్రాసినట్లు చదువుట దాని లక్షణము. ఇంగ్లీషు వ్రాతలో కంటికి కనబడుచు నోట పలుకబడని అక్షరములు పెక్కులు గలవు. తెలుగునందు అట్టి చిక్కు లేదనియే చెప్పవచ్చును. అయినను పెద్ద తరగతులకు వచ్చిన విద్యార్థులలో పలువురు వర్ణక్రమమునందు తప్పులు చేయుచునే యున్నారు. పొడవైన పదము కంటబడినంతనే కొందరు తడబడి నిలిచిపోవుదురు. లిపి ఇంత అనుకూలమైనదై యుండగా ఈ కష్టము ఎందువలన కలుగుచున్నది?

కారణమునకై దూరము పోనక్కరలేదు. వ్రాతలో వేరువేరుగా నున్న అక్షరములు నిత్యవ్యవహారమున పలువురి నోట ఒకే తీరున పలుకబడుచున్నవి. భాషను 'బాష' యనియు, ధనమును 'దనము' అనియు పలుకువారు ఎందరో కలరు. శ, ష, స లకు గల భేదము వేగముగా మాటాడునపుడు కరగిపోవును. ణకారము నకారముగను, ళకారము లకారముగను వినబడుటయు కలదు. చెవి విన్నదానినే చేయి వ్రాయును. కనుక వినికిడిని మాత్రమే నమ్ముకొన్న విద్యార్థి తప్పు వ్రాయుటలో ఆశ్చర్యము లేదు. చెవికి తోడుగా అతనికి మరియొక ఆధారము కావలయును. పదము ఎట్లు పుట్టినది, ఏ భాగములతో ఏర్పడినది, దానికి చుట్టములైన పదములెవ్వి యని తెలిసికొనుటయే ఆ ఆధారము. దానినే పదపరిశీలనము అనవచ్చును.

ఒక్క అక్షరము మారినంత మాత్రమున కొంప మునుగునా యని కొందరు అడుగవచ్చును. ఒక్కొక్కప్పుడు మునుగును. సకలము అనగా సమస్తము. శకలము అనగా ముక్క. ఆస్తి సకలము కుమార్తెకు చెందునని వ్రాయదలచిన తండ్రి శకలమని వ్రాసినచో, వ్రాతను బట్టి ఆమెకు దక్కునది ముక్క మాత్రమే. అనలము నిప్పు; అనిలము గాలి. ప్రసాదము గుడిలో పంచిపెట్టునది; ప్రాసాదము రాజు నివసించు మేడ. అర్థము అనగా భావము లేక ధనము. అర్ధము అనగా సగము. బహుమతులు పంచు దినమున సభామంటపమునకు కట్టు గుడ్డపై 'బహుమతి ప్రధానోత్సవము' అని వ్రాయబడి యుండుట తరచుగా కనబడును. ప్రధానము అనగా ముఖ్యము. అచ్చట కావలసినది ప్రదానము. అది 'ప్ర' అను ఉపసర్గతో 'దానము' చేరగా ఏర్పడినది. ఇచ్చుట యను అర్థము గల దానములో దకారమునకు వత్తు లేదని ఎరిగినవాడు ప్రదానములోను వత్తు నుంచడు. ఇందులో జ్ఞాపకశక్తికి పని యించుకంతయే. ఆలోచనకే పని ఎక్కువ.

పూర్వము వీధిబడులలో పిల్లలు ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. గుణింతములను, ఒత్తులను బిగ్గరగా చదివెడివారు. కొంత పెద్దవారైన పిమ్మట అమరసింహుని సంస్కృత నిఘంటువైన అమరకోశమును వల్లించెడివారు. వేలకొలది పదములు వారికి కంఠస్థములై యుండెను. నాలుక తిరుగుటకును, ఉచ్చారణ చక్కబడుటకును ఆ పద్ధతి ఎంతయో తోడ్పడినది. అయితే అందు అర్థజ్ఞానము చాల ఆలస్యముగా లభించెడిది. వల్లెవేయని పదము ఎదురైనపుడు దారి తోచెడిది కాదు. నేడు వల్లెవేయుట తగ్గినది. దానికి బదులుగా తప్పు వ్రాసిన పదమును పదిమార్లు వ్రాయించు పద్ధతి పలుచోట్ల నిలిచి యున్నది. పదిమార్లు వ్రాసినవాడు ఆ యొక్క పదమును నేర్చుకొనునేమో కాని, దాని ప్రక్కనున్న పదమును నేర్చుకొనజాలడు. పదపరిశీలనము అట్టిది కాదు. ఒక పదమును విప్పి చూచినచో పది పదములకు తలుపు తెరచుకొనును.

వార్తాపత్రికలలో తరచుగా కనబడు 'నిరక్షరాస్యత' యను పదమును చూడుడు. మొదటిసారి చూచినవారికి అది కొండవలె తోచును. విడదీసినచో అందు నాలుగు చిన్న భాగములున్నవి. 'నిర్' అనగా లేకుండుట. 'అక్షర' మనగా అందరికి తెలిసినదే. 'ఆస్య' మనగా నోరు. 'త' అనునది గుణమును, స్థితిని తెలుపు ప్రత్యయము. నోట అక్షరములు గలవాడు అక్షరాస్యుడు. ఆ స్థితి అక్షరాస్యత. అది లేకపోవుట నిరక్షరాస్యత. ఇట్లు విడదీసి చూచిన విద్యార్థి ఆ పదమును తడబడక చదువగలడు. వ్రాయునపుడు ఒక్క అక్షరమును విడువడు. అంతియే కాదు. నిరపరాధి, నిరాశ, నిరుపయోగము అను పదములలో అదే 'నిర్'ను గుర్తింపగలడు.

పదమును పరిశీలించుటకు మొదటి మెట్టు దాని కులగోత్రములను అడుగుట. తెలుగున వాడబడు పదములను వ్యాకరణవేత్తలు తత్సమములు, తద్భవములు, దేశ్యములు, అన్యదేశ్యములు అని విభజించిరి. సంస్కృత ప్రాకృతములతో సమానమైన రూపముతో వచ్చినవి తత్సమములు: విద్య, భాష, ఆకాశము. ఆ భాషల పదములు మార్పు చెందగా ఏర్పడినవి తద్భవములు: ఆకాశము ఆకసమైనది, యాత్ర జాతరయైనది, యజ్ఞము జన్నమైనది. తెలుగు నేలపై పుట్టి పెరిగినవి దేశ్యములు: ఇల్లు, ఊరు, చెట్టు, నీరు. ఇతర దేశములవారి భాషలనుండి వచ్చినవి అన్యదేశ్యములు: పారసీకమునుండి కాగితము, దస్తావేజు, పోర్చుగీసునుండి అలమార, బొత్తాము, ఇంగ్లీషునుండి రైలు, స్కూలు.

ఈ విభజనము పరీక్షలో వ్రాయుటకు మాత్రమే యని తలంపరాదు. వర్ణక్రమమునకు ఇది మంచి తాళపుచెవి. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువడిన తన బాలవ్యాకరణమున సంస్కృతమునకు 50, ప్రాకృతమునకు 40, తెలుగునకు 36 వర్ణములని లెక్క చెప్పెను. ఆ ముప్పదియారింటిలో ఖ, ఘ, ఛ, ఝ, థ, ధ, ఫ, భ మున్నగు వత్తు అక్షరములు లేవు. శ, ష లును లేవు. అనగా అచ్చమైన తెలుగు పదమున ఈ అక్షరములు సాధారణముగా ఉండవు. ఒక పదము దేశ్యమని తెలిసినచో అందు వత్తు పెట్టవలెనా వలదా యను సందేహమే కలుగదు. నలుబది, ఎనుబది యను సంఖ్యలు వాడుకలో నలభై, ఎనభై యైనట్టి కొన్ని మాత్రము దీనికి లోబడవు. తద్భవములలోను వత్తులు చాలవరకు జారిపోవును. భిక్షము బిచ్చమైనది, ముఖము మొగమైనది, కథ కతయైనది, భక్తి బత్తియైనది. కావున 'భిచ్చము' అని వ్రాసినవాడు ఒక పదపు తలను మరియొక పదపు మొండెమునకు అతికించినవాడగును.

అన్యదేశ్యములలో వేరొక సంగతి కలదు. ఫిర్యాదు, ఆఫీసు అను పదములలోని ధ్వని పై పలువరుస క్రింది పెదవికి తగులగా పుట్టును. తెలుగులో దానికి వేరు అక్షరము లేనందున ఫకారముతోనే వ్రాయుచున్నారు. ఫలము, ఫాలము అను తత్సమములలోని ఫకారము రెండు పెదవులు కలిసి విడుటచే పుట్టు పకారమునకు వత్తు రూపము. అక్షరమొక్కటియే, ధ్వనులు రెండు. పదమెచ్చటినుండి వచ్చినదో ఎరిగినవాడు రెండింటిని సరిగా పలుకును.

శ, ష, స లు చాలమందికి చిక్కు తెచ్చు అక్షరములు. వానికిని ఒక మార్గము కలదు. శకారము చవర్గము పుట్టు తాలువునందును, షకారము టవర్గము పుట్టు మూర్ధమునందును, సకారము తవర్గము పుట్టు దంతములయందును పుట్టును. ఒకే చోట పుట్టినవారు కలిసి యుందురు గదా! తత్సమములలో చకారముతో కలియునది శకారమే: నిశ్చయము, ఆశ్చర్యము, పశ్చిమము. టకార ఠకారములతో కలియునది షకారమే: కష్టము, ఇష్టము, నిష్ఠ. తకార థకారములతో కలియునది సకారమే: పుస్తకము, హస్తము, స్థలము. స్టేషను అను పదమున సకారము టకారముతో కలిసినదే యని యెవరైన అడిగినచో, అది అన్యదేశ్యము గనుక ఈ నియమమునకు లోబడదని సమాధానము చెప్పవచ్చును.

రెండవ మెట్టు పదమును భాగములుగా విడదీయుట. తత్సమములలో ముందు ఉపసర్గయు, నడుమ ధాతువును, చివర ప్రత్యయమును ఉండుట కలదు. ధాతువు మారనంతకాలము అక్షరము మారదు. వ్రాయుట యను అర్థము గల ధాతువునుండి లేఖ, లేఖనము, లేఖకుడు, లిఖితము, ఉల్లేఖనము అను పదములు పుట్టినవి. అన్నింటను ఖకారమున్నది. తెలియుట యను అర్థము గల వేరొక ధాతువునుండి బోధ, బోధకుడు, ప్రబోధము అనునవి పుట్టినవి. అన్నింటను ధకారమున్నది. ఇట్లు ఒక కుటుంబములోని పదములను ఒకచోట చేర్చి చూచినవానికి ఒక్క పదము తెలిసినచో తక్కినవన్నియు తెలిసినట్లే.

జంటగా వచ్చు అక్షరములలోని సందేహములను కూడ ఈ పద్ధతియే తీర్చును. కవిత్వము, వ్యక్తిత్వము అను పదములలో తకారమొక్కటియే. తత్త్వము, మహత్త్వము అను వానిలో తకారములు రెండు. కారణమేమి? అన్నింటి చివర నున్నది 'త్వము' అను ప్రత్యయమే. కవి, వ్యక్తి అనునవి అచ్చుతో ముగిసినవి. తత్, మహత్ అనునవి తకారముతోనే ముగిసినవి. ఆ తకారమొకటి, ప్రత్యయములోని తకారమొకటి, వెరసి రెండు. ఉద్ధరణము అనునది ఉత్, హరణము అను భాగముల కలయిక. దకారమును ధకారమును అందువలననే జతపడినవి. ఉచ్ఛ్వాసము అనునది ఉత్, శ్వాసము అనువాని కలయిక. విడదీయకమునుపు వికారముగా కనబడిన సంయుక్తాక్షరము విడదీసిన పిమ్మట న్యాయముగా కనబడును.

గుణమును తెలుపు పదములలో మరియొక అచ్చు కలదు. సుందరమైన దాని గుణము సౌందర్యము. ధీరుని గుణము ధైర్యము. పండితుని గుణము పాండిత్యము. మొదటి అచ్చు పెరుగుచున్నది. చివర యకారము చేరుచున్నది. ఈ యచ్చులోనే పోతపోసినచో దరిద్రుని స్థితి దారిద్ర్యము, స్వతంత్రుని స్థితి స్వాతంత్ర్యము అగును. 'స్వాతంత్రము' అని వ్రాయువారు ఎందరో కలరు. మూల పదములోని రకారము ఉండగా దానికి యకారము కూడ చేరవలెనని తెలిసినవారు అట్లు వ్రాయరు.

ఇక ణకార నకారముల సంగతి. విద్యార్థులను ఎక్కువగా బాధించునదియు, ఆలోచించినచో ఎక్కువగా ఆనందపరచునదియు ఇదియే. ప్రాణము, అపానము, వ్యానము, ఉదానము, సమానము అని పంచప్రాణములు చెప్పబడినవి. అయిదును ఊపిరి పీల్చుట యను అర్థము గల ఒకే ధాతువునుండి పుట్టినవి. అనిలము, అనగా గాలి, ఆ ధాతువునకు చెందినదే. ఇన్నింటిలో ప్రాణమునందు మాత్రమే ణకారమేల వచ్చినది? దాని ముందు 'ప్ర' యను ఉపసర్గలో రకారము కలదు. ఆ రకారమే నకారమును ణకారముగా మార్చినది.

దీనికి కారణము నాలుకలో నున్నది. ఋ, ర, ష లను పలుకునపుడు నాలుక కొన పైకి, వెనుకకు పోవును. తరువాతి ధ్వనులు పెదవులతోనో కంఠముతోనో పుట్టునవియైనచో నాలుక కదలనక్కరలేదు. పైకి పోయినది అట్లే నిలిచి యుండును. ఆ స్థితిలో నకారము వచ్చినచో అది ణకారముగా పలుకబడును. గ్రహణము, భ్రమణము, శ్రవణము, అర్పణము, భూషణము అనునవి ఇట్లు ఏర్పడినవి. నడుమ చవర్గ, టవర్గ, తవర్గములలోని అక్షరము కాని, శకార సకారములు కాని వచ్చినచో నాలుక తన స్థానమును విడువవలసి వచ్చును. అప్పుడు నకారము నకారముగనే నిలుచును. రచన, అర్చన, ప్రార్థన, దర్శనము, కీర్తన అనునవి అట్టివి. అర్పణములో ణకారమును, అర్చనలో నకారమును ఉండుటకు నడుమనున్న పకార చకారములే కారణము. రెండువేల సంవత్సరములకు పూర్వమే పాణిని తన అష్టాధ్యాయిలోని కడపటి అధ్యాయమున ఈ మార్పును సూత్రములలో బంధించెను.

ఈ నియమమును చేతబట్టుకొని పురాణపురుషుల పేర్లను పరీక్షించినచో వేడుకగా నుండును. రావణుడు, విభీషణుడు, లక్ష్మణుడు, కర్ణుడు, ద్రోణుడు అను పేర్లలో ణకారమున్నది. అర్జునునిలో జకారమును, దుర్యోధనునిలో ధకారమును అడ్డుపడినందున నకారము మిగిలినది. ఉత్తరాయణములో ణకారమున్నది; దక్షిణాయనములో చివర నకారమున్నది. దక్షిణ పదములో షకారమున్నది గదా, చివర ణకారమేల రాలేదని తెలివిగల విద్యార్థి ప్రశ్నింపవచ్చును. ఆ షకారము తన ప్రభావమును దగ్గరి నకారముపై చూపి దానిని ణకారముగా చేసినది. ఆ ణకారము టవర్గమునకు చెందినది గనుక, తరువాతి నకారమునకు అడ్డుగా నిలిచినది. దినమును మూడు భాగములు చేసినచో మొదటిది పూర్వాహ్ణము, నడిమిది మధ్యాహ్నము, కడపటిది అపరాహ్ణము. మొదటి దానిలోను కడపటి దానిలోను రకారమున్నది. నడిమి దానిలో లేదు. ణకార నకారములు దానిని బట్టియే వచ్చినవి.

నియమము తెలిసినంతనే అన్నియు తెలిసినవని గర్వింపరాదు. వీణ, మణి, గుణము, బాణము అనువానిలోని ణకారము ఇట్లు మారి వచ్చినది కాదు. అది వానికి స్వంతము. శత్రుఘ్నుడు అను పేరులో రకారమున్నను నకారము మారలేదు. రామనామము వంటి సమాసములలో రెండవ పదము తన వేరుదనమును నిలుపుకొనును గనుక మార్పు కలుగదు. ఇట్టివానిని ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలయును. అయినను వందలకొలది పదములను వేరువేరుగా గుర్తుంచుకొనుటకన్న, ఒక నియమమును కొన్ని అపవాదములను గుర్తుంచుకొనుట సులభము గదా!

సంస్కృత పదములకే ఇట్టి పరిశీలనము తగునని భావింపరాదు. తెలుగు పదములను విప్పి చూచుటయు ఇంతియే ఇంపుగా నుండును. కన్నీరు అనునది కన్ను, నీరు అను పదముల కలయిక. నకారము ద్విత్వమగుటకు కారణము అందే యున్నది. పల్లె, ఊరు కలిసి పల్లెటూరైనవి. తేనె, ఈగ కలిసి తేనెటీగయైనవి. నిలువు, అద్దము కలిసి నిలువుటద్దమైనవి. రెండు అచ్చుల నడుమ టకారము వచ్చి అతికినది. కాలు, వేలు, తేలు అను పదములు బహువచనమున కాళ్ళు, వేళ్ళు, తేళ్ళు అగును. ఏకవచనమున లకారముండగా బహువచనమున ళకారమేల యని తికమకపడువారికి, రెండు లకారములు ఒకచోట చేరి ళకార ద్విత్వముగా మారినవని చెప్పినచో చాలును.

ఇది యంతయు తరగతిలో ఆచరించుట ఎట్లు? పాఠమునుండి దినమునకు అయిదు పదములను ఎన్నుకొన్నచో చాలును. ఉపాధ్యాయుడు మొదట ఆ పదమును స్పష్టముగా పలుకును. విద్యార్థులు మరల పలుకుదురు. వత్తు అక్షరమును పలుకునపుడు నోటి యెదుట అరచేయి నుంచుకొన్నచో ఊపిరి తగులుట తెలియును. పిమ్మట ప్రతి విద్యార్థియు తన పుస్తకములో నాలుగు వరుసలు గీసికొని, మొదటి దానిలో పదమును, రెండవ దానిలో దాని విభాగమును, మూడవ దానిలో దాని చుట్టములైన పదములను, నాలుగవ దానిలో స్వంతముగా కూర్చిన వాక్యమును వ్రాయవలయును. మరునాడు పుస్తకము మూసి ఆ పదములను వ్రాయవలయును. తప్పు వచ్చినచో ఉపాధ్యాయుడు దానిని కొట్టివేసి ఊరకుండక, ఈ పదము ఏ కుటుంబమునకు చెందినది యని యడుగును. విద్యార్థి తన తప్పును తానే కనుగొనును. ఈ విధముగా నూరు పనిదినములలో అయిదువందల పదములు పరిచయమగును. వాని చుట్టములను లెక్కించినచో ఆ సంఖ్య ఎన్నియో మడుగులు పెరుగును.

పరిశీలనమునకు నిఘంటువు తోడుగా నుండవలయును. తెలుగువారికి మంచి నిఘంటువులు కలవు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కూర్చిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. బహుజనపల్లి సీతారామాచార్యులు రచించిన శబ్దరత్నాకరము 1885లో అచ్చైనది. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటము 1936లో వెలువడినది. నిఘంటువును చూచుటయు ఒక విద్యయే. క్షేమము అను పదమును వెదకువాడు కకారమున వెదకవలయును. క్షకారము క, ష ల కలయిక యని ఎరుగనివాడు పుటలన్నియు త్రిప్పి అలసిపోవును.

నేడు చేతిలోని ఫోను అక్షరములను తానే సూచించుచున్నది గదా, ఈ శ్రమ యెందుకని కొందరు తలంపవచ్చును. యంత్రము అర్థము, అర్ధము అను రెండింటిని మన ముందుంచును. రెండును సరియైన పదములే. అందులో కావలసినదేదో ఎన్నుకొనవలసినవాడు మనుష్యుడే. ఎరుక లేనివానికి ఆ సూచన యెడారిలో దారిచూపు పలక యైనను, చదువరాని పలక వంటిది.

ఒక్క మాట మాత్రము మరువరాదు. వర్ణక్రమమును నేర్చినవారు ఇతరుల పలుకును చూచి నవ్వరాదు. ప్రాంతమును బట్టియు, వృత్తిని బట్టియు పలుకుబడులు వేరగును. రైతు, సాలె, కమ్మరి, కుమ్మరి తమ పనిముట్లకు వాడు పదములు పాఠ్యపుస్తకములలో కనబడకపోవచ్చును. అంతమాత్రమున అవి తప్పులు కావు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము 1962లో వెలువడినది. అందు వ్యవసాయమునకు సంబంధించిన పదములు ఆయా ప్రాంతముల రైతుల నోటినుండి సేకరింపబడినవి. పండితులే పొలము గట్టునకు పోయి పదములు నేర్చుకొనిరనిన, విద్యార్థి తన తాతను, అవ్వను అడిగి నేర్చుకొనుట చిన్నతనము కాదు. అట్లు సేకరించిన పదములను తన పుస్తకములోని వరుసలలో చేర్చుకొనుట మంచి అలవాటు.

చదువునందు తడబాటు చిన్న లోపముగా కనబడును గాని దాని ఫలము పెద్దది. పదమువద్ద ఆగిపోయినవాడు వాక్యపు భావమును జారవిడుచును. వాక్యమును జారవిడిచినవాడు పాఠమును జారవిడుచును. కొంతకాలమునకు తనకు చదువు రాదని తలంచి మౌనముగా వెనుక బల్లపై కూర్చుండును. అతనికి కొరవడినది తెలివి కాదు. పదమును విప్పు ఉపాయము. ఎన్నియో ఇండ్లలో చదువు వచ్చినవారు ఆ ఇంటి బిడ్డలొక్కరే. పంచాయతీ కార్యాలయమునుండి వచ్చిన నోటీసును, మందు సీసాపైని సూచనలను, భూమి పత్రములోని పంక్తులను పెద్దలు వారిచేతికిచ్చి చదివించుకొందురు. ఆ బిడ్డ తడబడక చదివినచో ఇంటివారందరికి ధైర్యము కలుగును. తప్పు చదివినచో నష్టము వారందరిది.

అక్షరములు గింజల వంటివి. గుప్పెటనుండి జారిన గింజలను ఒక్కొక్కటిగా ఏరుట కష్టము. కంకితో పట్టుకొన్నచో అన్నియు ఒక్కసారిగా చేతికి వచ్చును. పదమును దాని కుటుంబముతో, భాగములతో, అర్థముతో కూడ పట్టుకొనుటయే పదపరిశీలనము. ఆ యలవాటు కుదిరిన విద్యార్థికి గురువు చెప్పని పదము కూడ పరిచితమైనదే యగును; ఎంత పెద్ద గ్రంథమైనను భయము గొలుపక ఆహ్వానించును.